గండికోట గాలికీ మన ఇంటి సత్తు గిన్నెకీ లింకేంటి?

నమస్కారం. గండికోటకు వచ్చినవాళ్లు పెన్నా లోయ దగ్గర సెల్ఫీలు దిగి వెళ్లిపోతారు. ఆ చుట్టుపక్కల తిరిగే గాలిమరలు ఎవరివో మాత్రం అడగరు. వాటిలో 50.4 మెగావాట్లు నాల్కోవి. ఒడిశాలో అల్యూమినియం తీసే కేంద్ర ప్రభుత్వ కంపెనీ అది. 2012 చివర్లో ఇక్కడ మొదలుపెట్టింది.

అల్యూమినియం కంపెనీకి కడప గాలితో పనేంటి? మనం సత్తు అంటామే, దాన్ని తీయాలంటే అల్యూమినా పొడిని 960 డిగ్రీల వేడిలో ఉండే క్రయోలైట్ అనే ఖనిజపు ద్రవంలో కరిగించి కరెంట్ పంపాలి. 1886లో కనిపెట్టారు, ఇప్పటికీ అదే దారి. కిలో సత్తుకు దాదాపు 14 యూనిట్ల కరెంట్ పడుతుంది. దాంతో మీ ఇంట్లో ఫ్యాన్ రాత్రింబగళ్లు వారం పైన తిరగొచ్చు.

నాల్కోకి ఒడిశాలోని అంగుల్‌లో 1,200 మెగావాట్ల బొగ్గు కరెంట్ ఉంది. మన గండికోట మరలు గాలి ఉన్నంత మేరకు ఏడాదంతా తిరిగితే, నా లెక్క ప్రకారం, ఏడు వేల టన్నుల లోహానికి సరిపోయే కరెంట్ వస్తుంది. అక్కడి స్మెల్టర్ (లోహం తీసే కార్ఖానా) సామర్థ్యం ఏడాదికి 4.6 లక్షల టన్నులు! పైగా ఈ కరెంట్ కలిసేది గ్రిడ్‌లో, అంగుల్‌కు నేరుగా తీగేమీ లేదు.

అసలు టెన్షన్ అది కాదు. లోహం తీసే తొట్టికి నాలుగైదు గంటలు కరెంట్ ఆగితే లోపలిదంతా గడ్డకడుతుంది. పగలగొట్టి తీయాల్సిందే. మన గాలేమో ఆషాఢంలో మనుషుల్నే తోసేస్తుంది, చలికాలంలో అలిగి కూర్చుంటుంది. ఎండ సంగతి చెప్పక్కర్లేదు, సాయంత్రానికి అయిపోతుంది. అందుకే నా దృష్టిలో ప్యానెళ్ల కంటే పాణ్యం దగ్గరి పిన్నాపురం ముఖ్యం. కరెంట్ మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలే 1,680 మెగావాట్ల ప్రాజెక్టు అది.

మరి బయోఫ్యూయల్, అంటే పంటల నుంచి వచ్చే ఇంధనం? మన బుడ్డల (వేరుశనగ) పొట్టు ఉంది కదా అంటారు. బాక్సైట్ అనే ముడి ఖనిజం నుంచి అల్యూమినా తీయడానికి ఆవిరి కావాలి, ఆ బాయిలర్లో పొట్టు బ్రికెట్లు (నొక్కి చేసిన దిమ్మెలు) మండుతాయి. చివర్లో పొడిని వెయ్యి డిగ్రీల్లో కాల్చేచోట మాత్రం పనికిరావు, బూడిద పొడిలో కలుస్తుంది. రాగి శుద్ధి చేసేవాళ్లు ఇంకా ముందున్నారు. కరిగిన రాగిలో పచ్చి దుంగలు ముంచేవాళ్లు, కట్టె నుంచి వచ్చే గ్యాస్ రాగిలోని ఆక్సిజన్‌ను లాగేసేది. బయోఫ్యూయల్ అన్న మాట పుట్టకముందు సంగతి!

కానీ పొట్టు తేలిక. లారీ నిండినా తూకం రాదు. ఒడిశా దాకా మోస్తే డీజిల్ ఖర్చు కూడా రాదు. ఇక్కడే పాత సత్తు కరిగించడానికి వాడితే నయం. కొత్త లోహానికి పట్టే శక్తిలో 5 శాతం చాలు, 660 డిగ్రీలకే కరుగుతుంది. పొట్టును గ్యాస్‌గా మార్చే గ్యాసిఫైయర్‌తో ఆ వేడి వస్తుంది. అయితే ఇటుక బట్టీల వాళ్లూ అదే పొట్టు కోసం చూస్తుంటారు. మీ ఊరి బుడ్డల మిల్లులో ట్రాక్టర్ పొట్టు ఎంతకు పోతోందో కింద రాయండి, కడప రేటూ అనంతపురం రేటూ పక్కపక్కన పెట్టి చూస్తాను.