గోడౌన్‌కి ఆడపిల్లలెందుకు?

(గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీ కామర్స్ విభాగం సభలో బీకాం చివరి ఏడాది విద్యార్థిని చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, మా కామర్స్ సార్లకు, మేడమ్‌లకు, ముందు వరుసల్లో బుద్ధిగా కూర్చున్న జూనియర్లకు, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న నా క్లాస్‌మేట్లకు అందరికీ నమస్కారం. పిల్లల్ని తీసుకొచ్చి ఎండలో బయటే నిలబడ్డ అమ్మానాన్నలకు కూడా. లోపల కుర్చీలున్నాయి, రండి.

నాకిచ్చిన అంశం 'ఆడిట్ ఆఫీసులో నా ఇంటర్న్‌షిప్'. టైమ్ పది నిమిషాలు. నేర్చుకున్నవి వరుసగా చెప్పమని మేడమ్ నిన్ననే చెప్పారు. అలాగే రాసుకొచ్చాను: టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు, మన పుస్తకాన్ని బ్యాంకు లెక్కతో సరిచూసే బ్యాంక్ రీకన్సిలియేషన్, నెల నెలా మామూలుగా ఏడో తేదీలోపు టీడీఎస్, అంటే చెల్లింపుల్లో ముందే పట్టుకున్న పన్ను కట్టడం, పదకొండుకి జీఎస్టీఆర్ వన్, ఇరవైకి త్రీబీ అనే జీఎస్టీ రిటర్నులు. ఇరవయ్యో తారీఖు సాయంత్రం ఆడిట్ ఆఫీసు ఎలా ఉంటుందో చూడాలి మీరు. పోర్టల్ తిరుగుతూనే ఉంటుంది, ఓటీపీ క్లయింటు ఫోన్‌కి వెళ్తుంది, ఆయన ఫోన్ ఎత్తడు, అందరికీ టెన్షన్. ఇవన్నీ కాగితంలో ఉన్నాయి, డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకి పెట్టేస్తాను, చదువుకోండి. నాకు చెప్పాలనున్నది ఇంకొకటుంది.

దానికి ముందు ఒక చిన్న మాట. మన రాష్ట్రంలో 2020–21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలల కమ్యూనిటీ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక మరో రెండు నెలలు, ఆఖర్న ఒక సెమిస్టర్ మొత్తం. మంచిదే. కానీ డబ్బు పంపిస్తే సర్టిఫికెట్ వాట్సాప్‌లో వచ్చేస్తుందన్న సంగతి ఈ హాల్లో ఎంతమందికి తెలుసు? చేతులెత్తక్కర్లేదు. ఎవరు నవ్వుతున్నారో ఇక్కణ్ణించి కనిపిస్తూనే ఉంది. దాని మీద మాట్లాడితే పది నిమిషాలూ దానికే సరిపోతాయి, వదిలేస్తున్నాను.

నేను చేసింది బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర. పేరు చెప్పను. ఆడిట్ ఆఫీసులో మొదట నేర్పేదే అది: క్లయింటు సంగతి గడప దాటకూడదని. అందుకే ఈ రోజు చెప్పేదాంట్లో పేర్లు, ఊళ్లు ఏవీ ఉండవు. ఆఫీసులో సీఏ చదువుతున్న ఆర్టికల్స్ ఉన్నారు. వాళ్లకి ఆర్టికల్‌షిప్ మునుపు మూడేళ్లు, 2023 జులై నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో రెండేళ్లు. వాళ్లకి స్టైపెండ్ అని కొంత ఇస్తారు. మా బీకాం వాళ్లకి అదీ లేదు. "జీతమెంత?" అని మా అమ్మ అడిగింది. "టీ ఇస్తారమ్మా" అన్నాను. "రెండు పూటలా?" అంది.

సరే, మార్చి వచ్చింది. గుంటూరులో మార్చి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఊరంతా ఘాటు. మిర్చి యార్డు నిండా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ధర నచ్చనివాళ్ల సరుకంతా కోల్డ్ స్టోరేజీలకి. ఆడిట్ ఆఫీసులకీ అదే నెలలో సరుకు లెక్కలు. వ్యాపారి కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకుంటాడు, దాని మీద బ్యాంకు అప్పిస్తుంది. ఆ సరుకు నిజంగా ఉందా లేదా చూసి రమ్మని బ్యాంకు ఒక ఆడిటర్ని పంపిస్తుంది. స్టాక్ ఆడిట్ అంటే అదే.

ఆ పనికి ఎవరు వెళ్లాలో ఆఫీసులో ఒక లిస్టు వేశారు. అందరూ అబ్బాయిలే. ఇంకో అమ్మాయి, నేను ఆఫీసులో కూర్చుని టూబీ మ్యాచింగ్, అంటే కొనుగోలు బిల్లుల్ని జీఎస్టీ పోర్టల్ లెక్కతో సరిచూసే పని చెయ్యాలట. నేను వెళ్లి సీనియర్ని అడిగాను. ఆయన చెడ్డవాడేం కాదు. చాలా మామూలుగా అన్నాడు: "గోడౌన్‌కి ఆడపిల్లలెందుకమ్మా? దుమ్ము, ఘాటు, హమాలీలు. నువ్వు ఏసీలో కూర్చో."

అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే మా నాన్న మిర్చి రైతు. సొంతం కొంచెం, కౌలు ఎక్కువ. నేను పుట్టింది మొదలు ప్రతి వేసవీ కల్లంలోనే. ఇక్కడ ఎంతమంది మిర్చి వేసే ఇళ్లనుంచి వచ్చారు? అదిగో, సగం హాలు. మీరు చెప్పండి. కల్లంలో తాలు, అంటే రంగు పోయిన నాసి కాయ, ఏరేది ఎవరు? మంచి కాయ ఒక పక్కకీ, తెల్లబడ్డ కాయ ఒక పక్కకీ వేసేది ఎవరు? మా అమ్మ, మా పెద్దమ్మ, నేను. యార్డు చుట్టుపక్కల గ్రేడింగ్ పనికి పొద్దున్నే ఆటోల్లో వెళ్లేది ఎవరు? ఆడవాళ్లే. కాయని చూసే పనంతా ఆడవాళ్లది. కాయని లెక్కపెట్టే పనికొచ్చేసరికి మాత్రం, ఆడపిల్లలెందుకట.

సీనియర్తో వాదించలేదు. నేరుగా ఆడిటర్ గారి గదిలోకెళ్లి, "సార్, మన ఆర్టికల్స్‌లో తేజ రకం మిర్చికీ 341 రకానికీ తేడా తెలిసినవాళ్లు ఒక్కరున్నారా?" అని అడిగాను. సార్ కళ్లజోడు తీసి, "నీకు తెలుసా?" అన్నారు. "చీకట్లో వాసన చూసి చెప్తాను సార్" అన్నాను. కొంచెం ఎక్కువే చెప్పాననుకోండి. "రేపు బండెక్కు" అన్నారు.

కోల్డ్ స్టోరేజీ లోపలికి మీలో ఎవరైనా వెళ్లారా? బయట ఎండ మాడుతుంటుంది, తలుపు తీసి లోపలికెళ్తే వణుకు. అంతస్తులు అంతస్తులుగా టిక్కీలు, మధ్యలో మనిషి పట్టేంత సందు. రెండు నిమిషాల్లో దగ్గు మొదలు. మా అబ్బాయిలిద్దరూ దగ్గుతూనే లెక్కపెట్టారు: అడ్డానికి ఎన్ని, లోతుకి ఎన్ని, ఎత్తుకి ఎన్ని, హెచ్చవేస్తే సరి. వ్యాపారి బ్యాంకుకిచ్చిన స్టేట్‌మెంటులో రాసిన సంఖ్యకీ, మా సంఖ్యకీ ఒక్క టిక్కీ కూడా తేడా లేదు. మేస్త్రీ సంతకానికి పెన్ను కూడా తీశాడు.

నాకు ఒకటే అనుమానం. స్టేట్‌మెంటులో మొత్తం తేజ అని ఉంది. తేజ అంత ఉన్న గదిలో అంత తక్కువ ఘాటు ఉండదు. ముందు వరుస టిక్కీ కుట్టు సందులోంచి చూశాను. తేజే. "వెనక వరుసలోది ఒకటి దించండి బాబాయ్" అన్నాను. మేస్త్రీ నన్ను చూడలేదు, సార్‌ని చూశాడు. సార్ "దించండి" అన్నారు. దించారు. కుట్టు విప్పితే తాలు. ఇంకోటి దించమన్నారు సార్. అదీ తాలే. ఆ వరుసలో విప్పినవన్నీ తెల్లగా, ఎండుగడ్డి రంగులో ఉన్నాయి.

దీంట్లో లెక్కేముందో చూడండి, ఇది మన సబ్జెక్టే. ఊరికే అనుకోండి, తేజ క్వింటా 18 వేలు, తాలు 8 వేలు. నలభై కిలోల టిక్కీలు వెయ్యి ఉంటే 400 క్వింటాళ్లు. తేజ అయితే 72 లక్షలు. బ్యాంకు 25 శాతం మార్జిన్‌గా మినహాయించుకుని 54 లక్షలు అప్పిస్తుంది. అది తాలు అయితే సరుకు విలువే 32 లక్షలు. టిక్కీల సంఖ్య మాత్రం రెండు చోట్లా వెయ్యే. టాలీలో వెయ్యే, రిజిస్టర్లో వెయ్యే, మా అబ్బాయిల హెచ్చవేతలోనూ వెయ్యే.

తర్వాత ఏమైందని అడుగుతారని తెలుసు. హమాలీలు లాట్లు కలిపేశారని ఆ సరుకువాళ్లు చెప్పారు. సార్ వాళ్లు చెప్పిందీ రాశారు, మేం చూసిందీ రాశారు, రిపోర్టు బ్యాంకుకి వెళ్లింది. అంతే. మిగతాది ఆడిటర్ పని కాదు.

ఇప్పుడు ఆడిటింగ్ పేపర్‌కి వద్దాం. కింగ్‌స్టన్ కాటన్ మిల్ కేసు, 1896. అందరం ఏం రాస్తాం? ఆడిటర్ కాపలా కుక్క, వేటకుక్క కాదు. రాసేస్తాం, మార్కులు పడతాయి. ఆ కేసు దేని గురించో ఎవరైనా చదివారా? సరుకు గురించే! మిల్లు మేనేజరు ఏళ్ల తరబడి సరుకు ఎక్కువ చేసి చూపించాడు. ఆడిటర్లు గోడౌన్‌కి వెళ్లలేదు, మేనేజరు ఇచ్చిన సర్టిఫికెట్టే నమ్మారు. తప్పు లేదంది కోర్టు. అప్పటికి అంతే. తర్వాత అమెరికాలో మెక్‌కెసన్ అండ్ రాబిన్స్ అనే మందుల కంపెనీ వ్యవహారం 1938లో బయటపడింది. కాగితం మీద గోడౌన్ల నిండా మందులు, నిజానికి ఆ సరుకే లేదు. ఆ దెబ్బతో ఆడిటర్ స్వయంగా వెళ్లి సరుకు లెక్కింపు చూడాలన్న పద్ధతి గట్టిగా స్థిరపడింది. మన ఆడిటింగ్ స్టాండర్డుల్లో 501 చెప్పేది అదే. మన తెలుగు నేల మీద, హైదరాబాదులో, 2009 జనవరి 7న సత్యం కంపెనీ ఛైర్మన్ రాసిన ఉత్తరం సంగతి మీ ఇళ్లలో అడగండి. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే రాశారు. బ్యాంకు కాగితాలు కంపెనీ చేతినుంచి తీసుకోకూడదు, బ్యాంకునే నేరుగా అడగాలి. ఇదంతా పుస్తకంలో ఉంది. కానీ పుస్తకంలో చదివినప్పుడు నాకు నిద్రొచ్చింది. కోల్డ్ స్టోరేజీలో దగ్గుతున్నప్పుడు రాలేదు.

టైమ్ అయిపోతోందని మేడమ్ చూపిస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి అడగాల్సింది అడిగేస్తాను.

ఇంకో క్లయింటు కమీషన్ కొట్టు ఓచర్లు చూస్తుంటే రైతుల పట్టీలు కట్టలుగా వచ్చాయి. నాన్న ఏటా సరుకమ్మి, చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టుకొచ్చే కాగితం అది. హమాలీ, కాటా, కమీషన్, ముందిచ్చిన అడ్వాన్సు, దాని మీద వడ్డీ. అన్నీ పోగా చేతికొచ్చింది. ఇంట్లో ఆ కాగితం చూసి మేం ఎవరం ఏం మాట్లాడేవాళ్లం కాదు. ఆఫీసులో దానికి ఒక నంబరు, ఒక టిక్కు. పదివేలు దాటి నగదు ఇస్తే ఖర్చు ఒప్పుకోరని, ఆదాయపు పన్ను చట్టం 1961లో 40ఏ(3) అని చదువుకున్నాం కదా. మరి రైతుకి అంతకంటే ఎక్కువ నగదు ఎలా ఇచ్చారని అడిగాను. పండించినవాడికే నేరుగా ఇస్తే రూల్ 6డీడీలో మినహాయింపుందని సార్ చూపించారు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి నాన్నని మన పట్టీలన్నీ తియ్యమన్నాను. ఒక్కో పంక్తీ అడిగాను. వడ్డీ ఎన్ని నెలలకి వేశారో నాన్నకి తెలీదు. ఇప్పుడు తెలుసు. ఈ ఏడు కొట్టుకి వెళ్లినప్పుడు అడిగాడు కూడా. ఏం జవాబొచ్చిందన్నది మా ఇంటి సంగతి.

ప్రిన్సిపాల్ గారూ, మీరు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మనం ఆఫీసులకి ఇచ్చే లెటర్లో 'అకౌంట్స్ పని నేర్పగలరు' అని ఉంటుంది. అందులో ఇంకో వాక్యం కలపండి: 'స్టాక్ ఆడిట్‌కి, బయటి పనికి కూడా పంపగలరు, అమ్మాయిలను కూడా.' ఒక్కరిని కాకుండా ఇద్దరిద్దరిని పంపితే ఇళ్లలో అభ్యంతరం ఉండదు. మా అమ్మ ఒప్పుకోవడానికి కూడా వారం పట్టింది. ఇంకొకటి, చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్తాను. నేను చూసినచోట్ల ఆడవాళ్లకి బాత్రూమ్ లేదు. గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు అన్నేళ్లుగా ఎలా నెట్టుకొస్తున్నారో నాకు తెలీదు. విద్యార్థినులను పంపే ముందు కాలేజీ ఆ ఒక్కమాట అడిగితే వాళ్లకీ మేలు జరుగుతుంది.

అమ్మానాన్నలూ, మీ అమ్మాయి ఏసీ ఆఫీసులో కూర్చుని ఎంట్రీలు కొడితే మీకు నిశ్చింతే. కానీ ఎంట్రీలు కొట్టేవాళ్లు ఎంట్రీలే కొడుతుంటారు. రిపోర్టు మీద సంతకం పెట్టేవాళ్లు గోడౌన్‌కి వెళ్లొచ్చినవాళ్లే. మీరే ఆలోచించుకోండి.

రెండో ఏడాది అమ్మాయిలు, సెలవులివ్వకముందే స్టాఫ్ రూములో పేర్లివ్వండి. నాకు తెలిసిన ఆఫీసుల్లో నేనే వచ్చి మాట్లాడతాను. అబ్బాయిలు కూడా ఇవ్వండి, వద్దనడం లేదు. కోల్డ్ స్టోరేజీకి వెళ్లేటప్పుడు మామూలు మాస్కు పెట్టుకోకండి, ఘాటుకి అది ఆగదు. తడి తువ్వాలు ముక్కుకి కట్టుకుని, పైన స్వెట్టరేసుకోండి. మార్చిలో స్వెట్టరెందుకని ఇంట్లో నవ్వుతారు, నవ్వనివ్వండి. నమస్కారం.