ఆయన ఆ రాష్ట్రంలో, ఆర్డరు ఈ పెట్టెలో

(ఒడిశాలోని పర్లాకిమిడిలో జరిగిన మహిళల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలారా, అక్కచెల్లెళ్ళారా, వెనక కుర్చీల్లో కూర్చున్న పెద్దలారా, నమస్కారం.

మన ఊరి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తుంటే బోర్డు చూస్తే తప్ప రాష్ట్రం మారినట్టు తెలీదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశాను విడదీసి గీత గీశారు. మన పెళ్ళి సంబంధాలు మాత్రం ఆ గీతను లెక్కచెయ్యలేదు. మేనత్త ఆంధ్రా వైపు మెళియాపుట్టిలో ఉంటుంది, పిన్ని ఒడిశా వైపు బరంపురంలో ఉంటుంది. సంసారం బాగున్నంతకాలం అది ఎవరికీ అడ్డం రాదు. మొగుడూ పెళ్ళాం విడిపోయి, పిల్లలు తల్లి దగ్గరుండి, ఆయన గాజువాకలోనో హైదరాబాదులోనో పనికి కుదిరాక ఆ గీతే గోడలా కనిపిస్తుంది. ‘అది ఆంధ్రా అమ్మా, ఒడిశా కోర్టు ఇచ్చిన భరణం ఆర్డరు అక్కడ చెల్లదు’ అనేవాళ్ళు తయారవుతారు. నేను చూసినంతలో ఆ మాట ఎక్కువగా ఆయన తరఫు వాళ్ళే చెబుతారు.

చెల్లుతుంది. పిల్లల భరణం ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద వచ్చేది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద వస్తోంది. నంబరు మారింది, పని అదే. కేసు వెయ్యడానికి ఆయన ఊరికి పరిగెత్తక్కరలేదు. మీరు కాపురం ఉంటున్న చోటే వెయ్యొచ్చు. కావాలని తప్పించుకు తిరుగుతున్నాడని కోర్టుకు నమ్మకం కలిగితే ఆయన లేకుండానే విచారించి ఆర్డరు ఇస్తుంది. పెళ్ళి చట్టప్రకారం జరిగిందా లేదా అన్న గొడవతో పిల్లల హక్కు పోదు.

ఆర్డరు వచ్చాక ఏం చెయ్యాలో 147వ సెక్షన్‌లో ఉంది. ఆర్డరు నకలు మీకు పైసా తీసుకోకుండా ఇవ్వాలి. ఆయన ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి మేజిస్ట్రేటు దాన్ని అమలు చెయ్యొచ్చు. ఆ మేజిస్ట్రేటు చూసేవి రెండే: ఆర్డరులో ఉన్న మనిషి ఈయనేనా, డబ్బు నిజంగా కట్టలేదా. మొదటిది చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ చాలా కేసులు అక్కడే కూలబడతాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక చెల్లెలి కేసులో వాళ్ళాయన సొంతూరి అడ్రసే రాసిచ్చాను. ఆయన ఆ ఊరు వదిలి రెండేళ్ళయింది. వారంటు మూడుసార్లు వెళ్ళి ‘ఇక్కడ లేడు’ అని తిరిగొచ్చింది. ఆ ఊళ్ళో అదే ఇంటిపేరుతో, అదే పేరుతో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళలో ఒకాయన పోలీసులు గుమ్మంలోకి వచ్చేసరికి భయపడి నన్ను తిట్టిపోశాడు. తిట్టడంలో తప్పు లేదు. అప్పటినుంచి భర్త పనిచేసే చోటు, ఆధార్ జిరాక్సు, ఫొటో, ఇద్దరి పేర్లున్న రేషన్ కార్డు చేతికి రాకుండా నేను పిటిషన్ టైపు చేయించను. ఆర్డరు ఒడియాలో ఉంటే ఇంగ్లీషు అనువాదం కూడా జతపెట్టండి. అవతలి కోర్టు దానికోసం అడిగిందంటే ఒక వాయిదా పోయినట్టే.

కట్టలేదని చూపించడం తేలిక. డబ్బు మీ బ్యాంకు ఖాతాలోనే వెయ్యాలని మొదట్లోనే కోర్టును అడగండి. పాస్‌బుక్కే సాక్ష్యం అవుతుంది. ‘చేతికిచ్చాను, మా బావమరిది చూశాడు’ అనే కబుర్లకు చోటుండదు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయం. బకాయి పడిన ఏడాదిలోపు పిటిషన్ వెయ్యకపోతే, ఆ మొత్తానికి 144 కింద వసూలు వారంటు రాదు. మన దగ్గర ఏం జరుగుతుంది? ఆయన మూడు నెలలు పంపడు. పెద్దమనుషులు కూర్చుంటారు. ‘గుంటల తండ్రి కదమ్మా, పండక్కి వస్తాడు, అప్పుడు మాట్లాడదాం’ అంటారు. పండక్కి రాడు. ఇంకో పండగ వస్తుంది. నెలకు 4,000 ఆర్డరు అనుకోండి. 20 నెలలు ఆగి కోర్టుకు వస్తే, వెనకటి ఎనిమిది నెలల 32,000 ఈ దారిలో రాదు. హక్కు చచ్చిపోదని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. కానీ దాని కోసం వేరే సివిల్ దారి పట్టాలి, అది ఇంకా పొడుగు. పంచాయితీ వద్దని నేననను. పిటిషన్ వేసి వచ్చి పంచాయితీలో కూర్చోండి అంటాను. ఒకసారి టైములో వేస్తే, అది పెండింగులో ఉండగా పడే నెలల్ని కూడా అందులోనే కలపమని అడగొచ్చు. ఇది సుప్రీంకోర్టులో 2005 నాటి శాంతా కేసులో తేలింది.

జైలు సంగతి చాలామంది అడుగుతారు. ముందు వారంటుతో వసూలుకు చూస్తారు. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు. జైలుకెళ్ళి వచ్చినంత మాత్రాన బాకీ తీరిపోదని 1988లో కుల్దీప్ కౌర్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉంటే జప్తు వారంటు మీద అక్కడి కలెక్టరు ఎండార్స్‌మెంట్, అంటే ఆమోదం రాసిన సంతకం, ఉండాలి. ఈ ఫైలు ఎవరో ఒకరు వెంటపడకపోతే కదలదు. అందుకే నెల జీతం తీసుకునేవాడైతే నేను జీతం మీదికే వెళ్తాను. సివిల్ కోర్టు ఇచ్చిన భరణం డిక్రీ అమలులో జీతంలో మూడోవంతు ఆయనకు వదిలి మిగతాది జప్తు చెయ్యొచ్చు. గృహహింస చట్టం కింద వచ్చిన ఆర్డరు కట్టకపోతే, మేజిస్ట్రేటు నేరుగా యజమానికే చెప్పి జీతంలో కొంత మీకు ఇప్పించవచ్చు. మేస్త్రీ దగ్గర రోజుకూలి చేసేవాడి విషయంలో ఇవేవీ అంత తేలిగ్గా పనిచెయ్యవు. అక్కడ పని చేసేది వారంటు భయమే.

కొత్తగా కేసు వేసేవాళ్ళు సుప్రీంకోర్టు తీర్పిచ్చిన 2020 నాటి రజనేష్ కేసు పేరు గుర్తుపెట్టుకోండి. ఆస్తులు, ఆదాయం, అప్పులు అఫిడవిట్‌లో, అంటే ప్రమాణపత్రంలో, ఇద్దరూ రాసివ్వాలి. భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కకట్టాలి. వాయిదాలు లాగితే ఆయనకేం లాభం లేదన్నమాట.

ఫీజు టెన్షన్ పెట్టుకోకండి. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయం ఎంతన్నది చూడకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. అవతలి రాష్ట్రం కోర్టులో వెయ్యాలంటే అక్కడి జిల్లా సంస్థనే అడగొచ్చు. 15100కి ఫోన్ చేస్తే చెబుతారు.

టీ వచ్చేలోపు, ఆర్డరు వెంట తెచ్చుకున్నవాళ్ళు సంచిలోంచి తీసి ఇటు రండి. చివరిసారి డబ్బు ఏ నెలలో పడిందో ముందు అది చూద్దాం.