చెక్కపెట్టెలో దెయ్యంగా మూడు వారాలు

తమ్ముడు: ఆ, రికార్డింగ్ ఆన్ అయింది. అక్కా, గొంతు ఇంకా రాలేదా నీకు?

అక్క: ఎక్కడొస్తుందిరా, మూడు వీకెండ్లు రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా అరిచా మరి.

తమ్ముడు: వినేవాళ్లకి చెప్పాలి, మా అక్క పెన్సిల్వేనియాలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్. అక్టోబర్ వచ్చిందంటే అక్కడ ఊళ్లల్లో హాంటెడ్ హౌస్‌లు మొదలు కదా, హాలోవీన్‌కి, అదే దెయ్యాల వేషాలేసుకునే పండక్కి, ఈసారి వాళ్ల ఊళ్లో చారిటీకి పెట్టినదాంట్లో ఈవిడ వాలంటీర్‌గా దెయ్యం వేషం వేసింది. అమ్మకి తెలీదు.

అక్క: ఇప్పుడు తెలుస్తుందిగా.

తమ్ముడు: అమ్మ పాడ్‌కాస్ట్‌లు వినదులే. సరే అక్కా, చిన్నప్పుడు మనం ఎగ్జిబిషన్‌లో భూత్ బంగ్లాకి వెళ్లాం గుర్తుందా? ప్లాస్టిక్ అస్థిపంజరం, ఎర్ర బల్బు, టికెట్ డబ్బులు దండగ. అక్కడ మాత్రం ఆరడుగుల మనుషులు కూడా కేకలు పెడతారంట, ఏంటి తేడా?

అక్క: ఆ అస్థిపంజరం గుమ్మంలోంచే కనిపించేసేది కదరా, దాని దగ్గరికి వెళ్లేసరికి మనం రెడీ అయిపోయేవాళ్లం. ఇక్కడ నన్నేం చేశారంటే, గోడ వెనకాల ఒక చెక్కపెట్టెలో నిలబెట్టారు, బీరువా అంత ఉంటుంది, చూడ్డానికి ఒక చిన్న కన్నం. గోడకి ఒక ఫోటో ఫ్రేమ్ ఉంటుంది, అది నిజానికి కిందకి జారే చెక్క, డ్రాప్ ప్యానెల్ అంటారు. నేను తాడు వదిలితే అది ధడేల్‌మని పడుతుంది, అక్కడ నా మొహం ఉంటుంది. మొదటి రోజు నేనేమో మేకప్ బాగా కుదిరింది, మొహం చూసి జడుసుకుంటున్నారు అనుకున్నా. తీరా చూస్తే ఆ చెక్క చప్పుడికే సగం మంది కళ్లు మూసేస్తున్నారు, నా మొహం చూసిందెవరు? గంటసేపు పెట్టించుకున్న మేకప్ అది!

తమ్ముడు: హహహ, పాపం.

అక్క: మన చేతిలో లేదురా అది. పక్కన ఒక్కసారి పెద్ద చప్పుడైతే కళ్లు మూసుకుపోతాయి, భుజాలు పైకి లేచి మెడ లోపలికి పోతుంది, ఆ తర్వాత గానీ ఓహో ఇది చెక్క అని మనకి తెలీదు. తెలిశాక నవ్వొస్తుంది. అందుకే లోపల అరిచినోళ్లంతా రెండు సెకన్ల తర్వాత పడీ పడీ నవ్వుతారు.

తమ్ముడు: అంటే ఎప్పుడు తాడు వదలాలి అన్నదే మొత్తం ఆట.

అక్క: అదే! నా ఎదురు గోడ దగ్గర కుర్చీలో ఒక ముసలమ్మ బొమ్మ ఉండేది, దాని మీద చిన్న లైట్. అందరూ ఇది లేస్తుంది రోయ్ అని దాన్నే చూసుకుంటూ నడుస్తారు, అది చచ్చినా లేవదు, దాని పనే అది. నేను ఇటు పక్క నుంచి వదులుతా. అది కూడా ముందు నడిచేవాడికి కాదు, వాడు బిగుసుకుని ఉంటాడు, వాడు దాటి హమ్మయ్య అనుకోగానే రెండో వాళ్లకి. ఇంకోటి, ఎదురొచ్చి భయపెడితే జనం వెనక్కి పరిగెత్తి వెనకాల గ్రూపు మీద పడతారు, లైన్ ఆగిపోతుంది, అందుకని పక్క నుంచో వెనక నుంచో వచ్చి ముందుకి తరమాలి. గొర్రెలు తోలినట్టే అనుకో. చివర్లో చెయిన్‌సా, అదే చెట్లు కోసే మోటారు రంపం, పట్టుకున్నవాడు ఉండేది అందుకే, వాడు గేటు దాకా తరుముతాడు. దానికి చెయిన్ పీకేస్తారు, శబ్దం, పెట్రోల్ వాసన చాలు.

తమ్ముడు: మరి డిస్నీలాండ్‌లో దెయ్యాలు గాల్లో డాన్స్ చేస్తాయంటారే, హాంటెడ్ మాన్షన్‌లో, అదేంటి ప్రొజెక్టరా?

అక్క: కాదు, గాజు. నైట్ బస్సులో లోపల లైట్ వేస్తే కిటికీ అద్దంలో నీ మొహం బయట చెట్ల మీద తేలుతూ కనిపిస్తుంది చూడు, అదే. పెద్ద పెద్ద గాజు పలకలు, మనకి కనపడని చోట బొమ్మలు, వాటి మీద లైట్ పడితే గాజులో కనిపిస్తాయి, లైట్ తీస్తే మాయం. ఆ మాన్షన్ 1969లో తెరిచారు గానీ ట్రిక్ 1862 నాటిది, లండన్‌లో పెప్పర్ అనే ఆయన స్టేజీ మీద చూపించాడు, పెప్పర్స్ ఘోస్ట్ అనే అంటారు ఇప్పటికీ.

తమ్ముడు: నేను ఒకటి చదివాలే, డెన్మార్క్‌లో ఆర్హస్ యూనివర్సిటీ వాళ్లు హాంటెడ్ హౌస్‌కి వచ్చిన 110 మందికి గుండె కొట్టుకునేది కొలిచే మిషన్లు కట్టి లోపలికి పంపారంట, 2020లో వచ్చింది ఆ రీసెర్చ్ పేపర్. భయం తక్కువైతే బోర్, మరీ ఎక్కువైనా మజా పోతుంది, మధ్యలో ఉన్నవాళ్లే బాగా ఎంజాయ్ చేశారంట. పులుసులో ఉప్పు లెక్క.

అక్క: కరెక్టే, నాక్కూడా కన్నంలోంచి తెలిసిపోయేది. చిన్నపిల్ల ఏడుస్తూ వస్తుంటే తాడు వదలను, ఊరికే చెయ్యి ఊపేదాన్ని. అన్నట్టు మాకు ట్రైనింగ్‌లో ఎక్కువసేపు చెప్పింది భయపెట్టడం గురించి కాదురా, మంటల గురించి. 1984లో న్యూజెర్సీలో సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో హాంటెడ్ కాజిల్ తగలబడి ఎనిమిది మంది టీనేజ్ పిల్లలు చనిపోయారు. లోపల ఫోమ్, చీకటి, మంటల మీద నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. ఆలోచించు, పొగ వస్తే షో కోసం ఫాగ్ మెషిన్‌తో వదిలిన ఉత్తుత్తి పొగ అనుకుంటారు, ఎవరైనా కేకలేస్తే షోలో భాగం అనుకుంటారు, దారేమో కావాలనే మెలికలు తిప్పి పెట్టారు. అందుకే ఇప్పుడు అలారం మోగిందంటే సౌండ్లు వాటంతటవే ఆగిపోయి లైట్లు వెలగాలి. మేం రోజూ గేటు తెరిచే ముందు టెస్ట్ చేసేవాళ్లం. లైట్లు వేస్తే చూడాలి, అంతా ప్లైవుడ్డూ నల్ల రంగూ, కేబుల్ టేపూ, ఇదా అనిపిస్తుంది.

తమ్ముడు: మనవాళ్లెవరైనా వచ్చారా?

అక్క: ఆఖరి శనివారం! ఒక ఫ్యామిలీ, కొడుకు ముందు, వెనక పెద్దావిడ, చీర, పైన జాకెట్, స్పోర్ట్స్ షూస్. నాకేం తెలుసు, వదిలేశా తాడు. "ఓరి నాయనోయ్, చంపేశావు కదే" అంది. నాకు లోపల నవ్వాగలేదు, నోట్లోంచి "అయ్యో సారీ ఆంటీ" అని వచ్చేసింది.

తమ్ముడు: ఛీ, దెయ్యం పరువు తీశావు.

అక్క: ఆవిడ వెంటనే వెనక్కొచ్చి ఫ్రేములోకి తొంగి చూసి, "తెలుగమ్మాయివా, మీదే ఊరమ్మా?" అంది. వెనక గ్రూపు వచ్చేస్తోంది, నేనేమో మొహమంతా రక్తంతో, "తెనాలి అండీ" అన్నా.