"రెండు కిలోలే కదా" అన్న మాటకు నా జవాబు

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, పరీక్షలు దగ్గరపడుతున్నా ఈ హాలుకు వచ్చి కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు శాస్త్రవేత్తను కాకుండా, పదవీ విరమణ చేసిన ఒక సుబేదారును పిలిచి మాట్లాడమనడం మీ మంచితనం. ఇరవై ఎనిమిదేళ్లు పదాతి దళంలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం నా పని ఒక్కటే, ట్యాంకును కొట్టే క్షిపణిని మోయడం, పేల్చడం, పేల్చడం నేర్పడం.

నాకు ఇచ్చిన అంశం "రక్షణ రంగంలో యువతకు అవకాశాలు". దానికోసం రెండు పేజీలు రాసుకున్నాను కూడా. అయితే ఈ ఉదయం నంద్యాల నుంచి వస్తూ ఓర్వకల్లు దాటుతున్నప్పుడు, 2019 సెప్టెంబరు 11న ఈ కర్నూలు ప్రయోగ క్షేత్రంలోనే, మనిషి మోసుకుపోగల మన స్వదేశీ ట్యాంకు విధ్వంసక క్షిపణిని పరీక్షించారన్న సంగతి గుర్తుకొచ్చింది. ఆ పరీక్ష జరిగిన నేల మీద చదువుకుంటున్న పిల్లలకు ఉద్యోగాల పట్టిక చదివి వెళ్లిపోవడానికి మనసొప్పలేదు. ఆ క్షిపణి గురించి, దాని బరువు గురించి, కొన్నేళ్లుగా నా లోపలే ఉండిపోయిన ఒక జవాబు గురించి చెబుతాను.

ముందుగా మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. చిన్నప్పుడు నేను ఆయన వెంట వెళ్లి, ఏ బేలు ఎన్ని కిలోలని అడుగుతుండేవాణ్ణి. ఆయన చెప్పేవాడు కాదు. "బరువెంతని అడక్కురా, ఎంత దూరమో అడుగు" అనేవాడు. సాయంత్రం ఇంటికొచ్చాక మెడ కింద, రెండు భుజాల మధ్య ఉబ్బిన చోట అమ్మ ఆముదం రాస్తుంటే, ఆ చోటు గచ్చులాగా గట్టిగా ఉండేది. ఆ మాటకు అర్థం నాకు రాజస్థాన్ ఎడారిలో తెలిసింది.

మా పల్టన్‌లో మేము వాడింది మిలాన్. ఫ్రాన్స్, జర్మనీ కలిసి రూపొందించిన ఆ క్షిపణిని మన దేశంలో హైదరాబాదులోని భారత్ డైనమిక్స్ లైసెన్సు మీద తయారుచేసింది. 1970లో ఏర్పడిన ఆ సంస్థ మొట్టమొదట చేసింది కూడా ఎస్.ఎస్. 11 బి1 అనే ఫ్రెంచి ట్యాంకు విధ్వంసక క్షిపణే. నేను మొదటిసారి మిలాన్ పెట్టె మూత తీసినప్పుడు దాని మీద హైదరాబాద్ అన్న అక్షరాలు చూసి, చుట్టూ ఉన్న పంజాబీ, గఢ్వాలీ మిత్రులకు "ఇది మా ఊరి సరుకు" అని చూపించాను. ఆదోనికీ హైదరాబాదుకూ ఎంత దూరమో వాళ్లకు తెలియదు, ఆ రోజు నాకూ గుర్తులేదు.

ఇక లెక్క వినండి. మిలాన్ ఫైరింగ్ పోస్టు, అంటే గురిచూసే పరికరాన్నీ ట్రైపాడ్‌నూ కలిపిన భాగం, పదహారు కిలోలకు పైమాటే. గొట్టంతో సహా ఒక్కో క్షిపణి సుమారు పన్నెండు కిలోలు. ఒకడు పోస్టు మోస్తే, రెండోవాడు రెండు క్షిపణులు మోస్తాడు. దీనికి తోడు రైఫిలు, తూటాలు, నీళ్లు, తిండి, గుంత తవ్వే పార ఉంటాయి. ఇసుకలో ప్రతి అడుగుకూ మడమ సగం వెనక్కి జారుతుంది కాబట్టి, పటం మీద ఎనిమిది కిలోమీటర్లున్న దారి కాళ్లకు ఎనిమిది కాదు. తెల్లవారేలోపు చేరి, గుంత తవ్వుకుని, వల కప్పుకుని, చెమట ఆరకముందే గురిచూసే అద్దంలో కన్ను పెట్టాలి. అప్పుడు చేతులు వణుకుతుంటాయి. ఆ వణుకును మీరు దయచేసి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

మిలాన్ రెండో తరం క్షిపణి. దాని వెనక నుంచి సన్నని తీగ విప్పుకుంటూ పోతుంది. జవాను చేయవలసింది అద్దంలోని అడ్డగీతల కూడలిని ట్యాంకు మీద నిలిపి ఉంచడమే. క్షిపణి తోకలో వెలిగే పరారుణ జ్యోతిని పరికరం చూసి, అది గీత నుంచి ఎంత పక్కకు జరిగిందో లెక్కకట్టి, తీగ ద్వారా సరిచేస్తుంది. చెప్పడానికి తేలికే. రెండు వేల మీటర్లు పోవడానికి దానికి పన్నెండు సెకన్లకు కొంచెం పైగా పడుతుంది. అన్ని సెకన్లూ తల ఎత్తకూడదు, చూపు తిప్పకూడదు, ఊపిరి బలంగా తీయకూడదు.

ఇప్పుడు మీరందరూ నా చేతిలోని ఈ చాక్‌పీసును రెప్ప వేయకుండా పన్నెండు సెకన్లు చూడండి. నేను గడియారం చూస్తాను.

అయింది. ఆరో సెకను దాకా ఎవరూ కదల్లేదు, ఆ తర్వాత కుర్చీల చప్పుడు వినిపించింది. మీ మీద ఎవరూ కాల్పులు జరపడం లేదు, మీరు రాత్రంతా నడిచి రాలేదు. 1973 అక్టోబరు యుద్ధంలో ఈజిప్టు పదాతి దళం మాల్యుత్కా అనే సోవియట్ క్షిపణులను పెట్టెల్లో మోసుకుని సూయజ్ కాలువ దాటి, ఇజ్రాయెల్ ట్యాంకులను మొదటి రోజుల్లో దారుణంగా దెబ్బతీసింది. అది మొదటి తరం క్షిపణి, చేతిలోని జాయ్‌స్టిక్ లాంటి పుల్లతో ఆద్యంతం నడపాలి, మూడు కిలోమీటర్లు పోవడానికి పాతిక సెకన్లకు పైగా పడుతుంది. కొన్నాళ్లకే ఇజ్రాయెల్ ట్యాంకు దళాలు కిటుకు పట్టుకున్నాయి. క్షిపణి వస్తున్న దిక్కుకు గుండ్ల వర్షం కురిపిస్తే చాలు, నడిపేవాడు చనిపోవచ్చు, లేదా తల దించవచ్చు, ఎలాగైనా క్షిపణి దారి తప్పుతుంది. అంటే ఆ ఆయుధంలో బలహీనమైన భాగం కదలకుండా కూర్చోవలసిన మనిషి.

నా సంగతే చెబుతాను. ఒక వేసవి ఫీల్డ్ ఫైరింగ్‌లో నాకు అసలు క్షిపణి పేల్చే అవకాశం వచ్చింది. ఒక్కోదానికి అయ్యే ఖర్చు వల్ల అలాంటి రోజులు జవాను జీవితంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని వస్తాయి, మిగతా సాధనంతా సిమ్యులేటర్ మీదే. ముందురాత్రి నడిచి వచ్చాం. లక్ష్యం పద్ధెనిమిది వందల మీటర్ల దూరంలో ఉంది. మీట నొక్కగానే ఖాళీ గొట్టం వెనక్కి ఎగిరింది, క్షిపణి ముందుకు వెళ్లింది, గీత లక్ష్యం మీదే ఉంది. ఎనిమిదో సెకను దాకా బాగానే ఉంది. ఆ తర్వాత నా కుడి భుజం, పోస్టు పట్టీ రాత్రంతా కోసుకుపోయిన చోట, ఒక్కసారిగా ముడుచుకుపోయింది. గీత ఒక వెంట్రుకంత దిగింది. అక్కడ వెంట్రుకంత అంటే పద్ధెనిమిది వందల మీటర్ల దగ్గర మనిషెత్తు. క్షిపణి లక్ష్యానికి ముందే ఇసుకలోకి దూసుకుపోయింది. మాకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్ ఒక్క మాట కూడా అనలేదు. నా చొక్కా కాలరు పక్కకు లాగి, భుజం మీది గాటు చూసి, మళ్లీ కప్పి వెళ్లిపోయాడు.

అందుకే మూడో తరం క్షిపణి గురించి మొదటిసారి విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. దాని ముక్కులో పరారుణ చిత్రాన్ని చూసే సీకర్ ఉంటుంది. జవాను లక్ష్యాన్ని చూపించి, సీకర్ దాన్ని పట్టుకుందని తేలాక మీట నొక్కుతాడు. ఆ క్షణం నుంచి అతను గుంతలోంచి లేచి పరుగెత్తవచ్చు. క్షిపణి తానే వెతుక్కుంటూ పోతుంది. పైగా ఎదురుగా కాకుండా పైకి లేచి ట్యాంకు నెత్తిన పడుతుంది. ట్యాంకుకు ముఖం మీద ఉన్నంత మందపు కవచం నెత్తి మీద ఉండదు, అన్ని వైపులా అంత ఇనుము తొడిగితే అది కదల్లేదు. బరువు శత్రువునూ వదలదని గమనించండి.

అయితే ఇదంతా మనిషి మోయగలిగేంతలో కుదించడమే అసలు కష్టం. మన నాగ్ క్షిపణి 1983లో మొదలైన సమగ్ర క్షిపణి కార్యక్రమంలో పుట్టింది. గొప్ప క్షిపణే. కానీ నలభై కిలోలు దాటింది, వాహనం మీది నుంచే పేల్చాలి. 1965లో ఖేమ్‌కరణ్ సెక్టారులో అబ్దుల్ హమీద్ గారు పాటన్ ట్యాంకులను కొట్టి, ప్రాణమిచ్చి, పరమవీర చక్ర పొందింది కూడా జీపు మీది రీకాయిల్‌లెస్ గన్నుతో. ఆ గన్ను రెండు వందల కిలోలకు పైగా ఉండేది. జీపు పోలేని కొండ దారిలో, కాలువ గట్టు మీద, పంట చేలో పదాతి జవానుకు ఏముంటుంది? ఆ ప్రశ్నకే హైదరాబాదులోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ జవాబు వెతికింది.

మెకానికల్, ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు ఇక్కడ కాస్త శ్రద్ధగా వినాలి. భుజం పక్కన క్షిపణి మోటారు రాజుకుంటే జవాను ముఖం కాలిపోతుంది. కాబట్టి చిన్న మోటారు ఒకటి గొట్టం లోపలే పూర్తిగా మండి, క్షిపణిని మెల్లగా బయటికి నెట్టాలి. అది కొంత దూరం పోయాకే పెద్ద మోటారు అంటుకోవాలి. ఒకటి చాలే చోట రెండు మోటార్లు కాబట్టి బరువు పెరిగింది. ట్యాంకు మీద పేలే ఇటుకల్లాంటి ప్రతిచర్య కవచం ఉంటుంది కాబట్టి, ముందున్న చిన్న వార్‌హెడ్, అంటే మందుగుండు నింపిన భాగం, ఆ ఇటుకను పేల్చేయాలి, రెప్పపాటులో వెయ్యోవంతు ఆగి వెనకున్న పెద్దది అసలు కవచాన్ని తొలవాలి. ముందుది పేలినప్పుడు వెనకది చెదరకుండా మధ్యలో రక్షణ ఉండాలి. మళ్లీ బరువే. పెద్ద వార్‌హెడ్‌లో రాగి గరాటు ఒకటి ఉంటుంది, పేలుడు దాన్ని నలిపి సెకనుకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల వేగంతో సన్నని ధారగా ముందుకు తోస్తుంది. ఆ గరాటు వ్యాసం తగ్గితే తొలిచే లోతు తగ్గుతుంది, కాబట్టి అక్కడ పిసినారితనం పనికిరాదు. మరి గ్రాములు ఎక్కడ మిగలాలి? గొట్టంలో, రెక్కలను తిప్పే విద్యుత్ పరికరాల్లో, బ్యాటరీలో, గురిచూసే పెట్టెలో, పట్టీలో, పిడిలో మిగలాలి. మీరు రేపు ఉద్యోగాలకు పోతే, మొదటి పదేళ్లు మీ చేతికి వచ్చేవి సరిగ్గా ఇవే.

సీకర్ కష్టం ఇంకొకటి. ఎడారిలో మే నెల మధ్యాహ్నం ఇసుక, రాయి, ట్యాంకు అన్నీ ఒకే వేడిలో ఉంటాయి. వేడిని బట్టి చూసే కన్నుకు అప్పుడు ట్యాంకు కనబడదు, వెలుగులో వెలుగు కలిసిపోయినట్టే. నాగ్ పరీక్షల్లో ఈ ఇబ్బంది ఎదురై, సీకర్‌ను మెరుగుపరచి ముందుకు వెళ్లవలసి వచ్చింది. సైన్యం వాడకానికి ముందు నాగ్ తుది పరీక్ష 2020 అక్టోబరు 22న పోఖ్రాన్‌లో జరిగింది. 1983 నుంచి 2020. ఈ ఏళ్లను చూపించి మన శాస్త్రవేత్తలను తక్కువ చేసే మాటలు నేను చాలా విన్నాను, వాటితో ఏకీభవించను. ఆ నేర్చుకున్నదంతా చేతి క్షిపణికి పెట్టుబడి అయింది. అది 2018లో అహ్మద్‌నగర్‌లో, 2019లో రాజస్థాన్‌లోనూ మన కర్నూలులోనూ, 2024లో మళ్లీ పోఖ్రాన్‌లో పరీక్షలు దాటి, 2026 జనవరిలో, ఇప్పుడు అహిల్యానగర్ అని పేరు మారిన ఆ అహ్మద్‌నగర్‌లోనే, కదిలే లక్ష్యాన్ని పైనుంచి కొట్టింది. ఇంతలో సైన్యం ఆగలేదు, ఆగకూడదు కూడా. 2014లో ఇజ్రాయెల్ స్పైక్ క్షిపణులు 8,356 కొనాలని నిర్ణయించారు, తర్వాత ఆ పెద్ద ఒప్పందం ముందుకు సాగలేదు. 2021 మార్చిలో 4,960 మిలాన్-2టి క్షిపణుల కోసం 1,188 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. అంటే నేను మోసిన ఆ తీగ క్షిపణినే ఇంకా ఎందరో తమ్ముళ్లు మోస్తున్నారు.

ఇప్పుడు నా లోపల ఉండిపోయిన మాటకు వస్తాను. నేను విరమణ చేయడానికి కొన్నేళ్ల ముందు, ఒక చోట కొత్త పరికరం నమూనా చూపించి, వాడేవాళ్ల అభిప్రాయం తెలుసుకుంటామని మమ్మల్ని పిలిచారు. చోటు పేరు చెప్పను, చెప్పవలసిన పని లేదు. నమూనా చాలా బాగుంది. దాన్ని ఎత్తి చూసి, అంచు భుజానికి గుచ్చుకుంటోందనీ, ముందు చెప్పిన దానికన్నా బరువుందనీ అన్నాను. దాన్ని వివరిస్తున్న యువకుడు చాలా మర్యాదగా, తెర మీది పట్టిక చూపించి, "రెండు కిలోలే కదా సార్, దానికి బదులు ఇన్ని సదుపాయాలు వస్తున్నాయి" అన్నాడు. అతని తప్పు ఏమీ లేదు, పట్టికలో అది రెండే. మాట్లాడింది ఇంగ్లిషులో. నాకు ఉస్తాద్ కాలరు లాగి చూసిన క్షణం కళ్ల ముందుకొచ్చింది, మా నాన్న మెడ గుర్తుకొచ్చింది, కానీ దాన్ని ఆ గదిలో ఆ భాషలో చెప్పడం చేతకాక, తల ఊపి కూర్చున్నాను. నా పక్కనున్న హవల్దారు నా వైపు చూశాడు. అతను నేను మాట్లాడతాననుకున్నాడు.

ఆ రోజు చెప్పవలసింది ఇది. బాబూ, ఆ రెండు కిలోలు బల్ల మీద రెండు కిలోలు. ఎనిమిది కిలోమీటర్ల ఇసుక తర్వాత అవి భుజం మీద ఒక గాటు. తెల్లవారుజామున అద్దంలో అవి ఒక వణుకు. ఇవి మోసేవాడు రెండు కిలోల నీళ్లు తగ్గించుకుంటాడు, లేదా రెండో క్షిపణిని వెనక వదిలేసి వస్తాడు. ప్రయోగించి మరచిపోయే క్షిపణి వచ్చాక వణుకుతో పని లేదని అనుకోవద్దు. పొగలో, కదులుతున్న ట్యాంకు మీద గుర్తు నిలిపి సీకర్‌కు చూపించేది ఇంకా అవే చేతులు. పేల్చాక లేచి పరుగెత్తవలసింది అవే కాళ్లు.

ఇంత ఆలస్యంగా, అతను లేని చోట, తెలుగులో చెబుతున్నాను. రేపు అతని కుర్చీలో కూర్చునేది మీలో ఎవరో ఒకరు కాబట్టి మీకు చెబుతున్నాను.

వేదిక పక్కన రెండు సంచులు పెట్టించాను, మీరు వచ్చేటప్పుడు చూసే ఉంటారు. మన క్షిపణి గురించి పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం, క్షిపణి బదులు ఒకదానిలో పద్నాలుగున్నర కిలోల ఇసుక, లాంచర్ బదులు రెండోదానిలో ఇంచుమించు అంతే ఇసుక బియ్యం కొట్లో తూకం వేయించి నింపాను. ఇంకో చిన్న మూటలో రెండు కిలోలు విడిగా ఉన్నాయి. ముందు సంచితో ఈ హాలు నుంచి మెయిన్ గేటు దాకా వెళ్లి రండి. తర్వాత ఆ చిన్న మూటను దానికి కట్టుకుని, మూడో అంతస్తులోని మీ ల్యాబు దాకా మెట్లెక్కండి. ఎక్కగానే ఒక సన్నని సూదిలో దారం ఎక్కించమని అడుగుతాను, సూదీ దారం నా జేబులో ఉన్నాయి. అమ్మాయిలు కూడా రావాలి, డ్రాయింగు గీసే చేయి ఎవరిదైనా సరే. మూడో వరుసలో ఇందాక పన్నెండు సెకన్లూ కదలకుండా చూసిన బాబూ, నువ్వు ముందు రా. నేనూ నీ పక్కన నడుస్తాను.