వెనక్కి తీసుకోగలిగినవి, తీసుకోలేనివి: ఒక వెబ్ అప్లికేషన్ జనంలోకి వెళ్ళే ముందు

సభకు నమస్కారం.

వెబ్ అప్లికేషన్ తయారుచేసి జనం ముందు పెట్టడం గురించి మాట్లాడేవారు సాధారణంగా ఏ భాషలో రాయాలి, ఏ ఫ్రేమ్‌వర్క్ ఎంచుకోవాలి, ఏ క్లౌడ్‌లో నడపాలి అన్న ప్రశ్నలతో మొదలుపెడతారు. ఈ రోజు నేను ఆ ప్రశ్నలను పక్కన పెడుతున్నాను. అవి చిన్నవని కాదు, వాటిలో పొరపాటు పడినా ఎంతో కొంత శ్రమతో దిద్దుకోవచ్చని. మీకు, మీతో పనిచేసేవారికి బాగా చేతనైన భాషే మంచి భాష; ఆ విషయంపై అంతకుమించి నేను చెప్పదలచుకున్నది లేదు. అప్లికేషన్ రాసే క్రమంలో మనం తీసుకునే వందలాది నిర్ణయాల్లో చాలావాటిని రేపు పొద్దున మార్చుకోవచ్చు. కొన్నింటిని మాత్రం, ముక్కూమొహం తెలియని మొదటి మనిషి వచ్చి తన వివరాలు నింపిన క్షణం నుంచి, ఎంత కష్టపడినా వెనక్కి తీసుకోలేం. డెవలపర్ జాగ్రత్త అంతా ఈ రెండో రకం మీద ఉండాలి. మన అలవాటేమో తలకిందులుగా ఉంటుంది: బటన్ రంగు మీద రెండు రోజులు వాదించుకుంటాం, డేటాబేస్‌లో కాలమ్ రకాన్ని, అంటే అందులో అంకెలు దాచాలా అక్షరాలు దాచాలా అన్నదాన్ని, అర నిమిషంలో తేల్చేస్తాం.

ఈ చిక్కు వెబ్ పుట్టుకలోనే ఉంది. టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధన సంస్థలో ప్రతిపాదించినది పత్రాలను ఒకదానితో ఒకటి ముడివేసి చదువుకునే ఏర్పాటు. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని సెర్న్ 1993 ఏప్రిల్ 30న ప్రకటించింది. చదువుకోవడానికి పుట్టినది కనుక, బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే నియమావళి అయిన హెచ్‌టీటీపీకి జ్ఞాపకశక్తి లేదు. బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది, అంతటితో ఆ సంభాషణ ముగిసిపోతుంది. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లీ కుకీని, అంటే సర్వర్ మన బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న గుర్తును, రూపొందించాక, ఇందాక వచ్చినవారే మళ్ళీ వచ్చారని సర్వర్ గుర్తుపట్టడం సులువైంది. మనం ఇవాళ అప్లికేషన్లు అని పిలిచేవి చాలావరకు ఆ ఏర్పాటును ఆధారం చేసుకుని పెరిగినవే. అంటే, చదవడం కోసం వేసిన పునాది మీద మనం రాయడం మొదలుపెట్టాం. ఒక పేజీని పదిసార్లు చదివితే నష్టం లేదు. ఒక ఆర్డరును పదిసార్లు రాస్తే పది ఆర్డర్లు అవుతాయి.

హెచ్‌టీటీపీ ప్రమాణం ఈ తేడాను గుర్తించి, పేజీని అడిగి తెచ్చుకునే గెట్ అభ్యర్థన దేన్నీ మార్చకూడదని, మార్పులకు సమాచారాన్ని పంపే పోస్ట్ వంటివి వాడాలని చెబుతుంది. చాలామంది దీన్ని మర్యాద సూత్రంగానే భావిస్తారు, కానీ ఒక సంఘటన అది అంతకంటే ఎక్కువని చూపింది. 2005లో గూగుల్ విడుదల చేసిన వెబ్ యాక్సిలరేటర్ అనే సాధనం, వాడుకరి నొక్కకముందే పేజీలోని లింకులను తెరిచి సిద్ధంగా ఉంచేది. తొలగించే పనిని మామూలు లింకుగా పెట్టిన అప్లికేషన్లలో అది ఆ లింకులను కూడా తెరవడంతో కొందరి సమాచారం ఎవరూ అడగకుండానే తుడిచిపెట్టుకుపోయింది. అప్పట్లో కోపమంతా ఆ సాధనం మీదకు మళ్ళింది కానీ, గెట్‌తో తొలగింపు చేయించినవారే ఆ ప్రమాదానికి తలుపు తెరిచి పెట్టారని నా అభిప్రాయం.

పోస్ట్ వాడినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. వాడుకరి 'చెల్లించు' అన్న బటన్ నొక్కాడు. సర్వర్ పని పూర్తి చేసింది. జవాబు వెనక్కి వచ్చే దారిలో నెట్‌వర్క్ తెగిపోయింది. అతనికి తెర మీద కనిపించేది తిరుగుతున్న చక్రం మాత్రమే, కనుక మళ్ళీ నొక్కుతాడు. మొదటి నొక్కుతోనే బటన్‌ను పనిచేయకుండా చేస్తే సరిపోతుందని అనుకుంటాం, కానీ పేజీని రిఫ్రెష్ చేసేవారిని, రెండు ట్యాబుల్లో తెరిచేవారిని, తనంతట తానే మళ్ళీ ప్రయత్నించే మొబైల్ యాప్‌ను అది ఆపలేదు. ఫారం తెరిచినప్పుడే దానికి ఒక ప్రత్యేకమైన గుర్తును కేటాయించి, ఆ గుర్తు రెండోసారి చొరబడకుండా డేటాబేస్‌లోనే యూనిక్ నిబంధన పెట్టి, అదే గుర్తుతో వచ్చిన రెండో అభ్యర్థనకు కొత్తగా ఏ పనీ చేయకుండా మొదటి జవాబునే తిరిగి ఇవ్వాలి. ఈ ఏర్పాటును తరువాత కూడా చేర్చవచ్చు కదా అంటారా, చేర్చవచ్చు. ఈలోపు రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నవారి నమ్మకాన్ని మాత్రం చేర్చలేం.

ఇక డేటా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కోడ్ పాతబడితే తిరగరాయవచ్చు కానీ డేటా విషయంలో అది కుదరదు. 2005లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన, కోడ్‌లో చేసిన మార్పులను నమోదు చేసి దాచే గిట్ పుణ్యమా అని నిన్నటి కోడ్‌ను ఒక్క ఆదేశంతో తెచ్చుకోగలం. నిన్న తప్పుగా భద్రపరిచిన డేటాను తెచ్చే ఆదేశం లేదు. నేను తొలిరోజుల్లో రాసిన ఒక అప్లికేషన్‌లో ఫోన్ నంబర్ల కాలమ్‌ను పూర్ణాంకాలుగా పెట్టాను, నంబర్ అంటే అంకెలే కదా అన్న ధీమాతో. సున్నాతో మొదలయ్యే నంబర్లన్నిటికీ ఆ సున్నా రాలిపోయింది, ముందు ప్లస్ గుర్తుతో దేశ సంకేతం రాసినవారికి ఆ గుర్తు రాలిపోయింది, మిగిలిన అంకెల్లో దేశ సంకేతం ఉందో లేదో చెప్పే దారి లేకుండా పోయింది. కాలమ్ రకాన్ని మార్చడానికి పది నిమిషాలు పట్టింది. రాలిపోయినవి మాత్రం తిరిగి రాలేదు. ఆ మనుషులను మళ్ళీ అడగవలసి వచ్చింది, వారిలో చాలామంది జవాబివ్వలేదు. కూడికలు, తీసివేతలు చేయని దేన్నీ సంఖ్యగా దాచకూడదని అప్పుడు తెలిసింది.

పేర్ల సంగతి ఇంతకంటే సున్నితం. తెలుగు చదివేవారికి 'స్త్రీ' అన్నది ఒక్క అక్షరం. ప్రపంచ లిపులకు సంకేతాలు కేటాయించే యూనికోడ్ లెక్కలో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆ సంకేతాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కనుక మొత్తం 18 బైట్లు. పేరు 20 బైట్లకు మించకూడదని ఎక్కడో ఒక పరిమితి పెట్టి, మించినదాన్ని నిశ్శబ్దంగా కత్తిరించే అప్లికేషన్, ఆంగ్లంలో పేరు రాసేవారిలో చాలామందికి ఏ ఇబ్బందీ కలిగించకుండా, తెలుగులో రాసేవారి పేరును ఆరు సంకేతాల దగ్గరే తెగ్గోస్తుంది. ఒక్కోసారి సంకేతం మధ్యలోనే తెగి, తెర మీద పిచ్చి గుర్తు మిగులుతుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో చాలాకాలం యూటీఎఫ్8 అన్న పేరుతో ఉన్నది ఒక్కో సంకేతానికి మూడు బైట్లు మాత్రమే ఇచ్చేది కనుక, నాలుగు బైట్లు కావలసిన ఎమోజీలు అందులో పట్టేవి కావు. అందుకోసం యూటీఎఫ్8ఎంబీ4 అనే మరో రకం తేవలసి వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి రోజే దాన్ని ఎంచుకుంటే పైసా ఖర్చు ఉండదు.

డబ్బును ఫ్లోటింగ్ పాయింట్ భిన్నాలుగా, అంటే కంప్యూటర్ ఉజ్జాయింపుగా దాచే భిన్నాలుగా, దాచవద్దు. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, అది భాషలోని తప్పు కాదు, ఆ భిన్నాలను 0, 1 మాత్రమే వాడే ద్వియాంశ పద్ధతిలో ఖచ్చితంగా రాయలేకపోవడం. ఆ కరెన్సీలోని అతి చిన్న నాణెం లెక్కన పూర్ణాంకంగా దాచండి. జరిగిపోయినవాటి సమయాన్ని ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో దాచి, చూపించేటప్పుడు వాడుకరి కాలమండలంలోకి మార్చండి.

పాస్‌వర్డ్ ఒకసారి బయటపడితే తిరిగి రహస్యం కాదు. పైగా జనం ఒకే పాస్‌వర్డ్‌ను అనేకచోట్ల వాడతారు కనుక, మన నిర్లక్ష్యానికి వారు మరోచోట నష్టపోతారు. 1999లో నీల్స్ ప్రొవోస్, డేవిడ్ మాజియర్స్ ప్రకటించిన బీక్రిప్ట్, పాస్‌వర్డ్‌ను తిరిగి చదవలేని రూపంలోకి మార్చి దాచే పద్ధతి; అది ప్రతి పాస్‌వర్డ్‌కు సాల్ట్ అనే వేరువేరు యాదృచ్ఛిక విలువను కలిపి, కావాలనే నెమ్మదిగా లెక్కకట్టి, కంప్యూటర్లు వేగవంతమయ్యేకొద్దీ ఆ నెమ్మదిని పెంచుకునే వీలు కల్పిస్తుంది. దాన్నో, దాని తరువాత వచ్చిన ఆర్గాన్2నో వాడండి, సొంత పద్ధతి కనిపెట్టవద్దు. అలాగే డేటాబేస్ పాస్‌వర్డ్‌ను కోడ్‌లో రాసి గిట్‌లో పెట్టి, తరువాతి కమిట్‌లో, అంటే గిట్‌లో నమోదు చేసే తరువాతి మార్పులో, తీసేస్తే అది పోయిందనుకోవడం భ్రమ, గిట్ పాత కమిట్లన్నిటినీ దాచుకుంటుంది. ఆ పాస్‌వర్డ్‌ను మార్చడం ఒక్కటే దారి.

వేగం గురించి నన్ను తరచుగా అడుగుతారు. వంద వస్తువుల జాబితాను చూపించడానికి జాబితాకు ఒక ప్రశ్న, ఆపైన ఒక్కో వస్తువుకు ఒక్కో ప్రశ్న చొప్పున డేటాబేస్‌ను 101 సార్లు కదిలించడం అతి సాధారణమైన పొరపాటు, ఒకటి రెండు ప్రశ్నలుగా కలిపి రాస్తే పోతుంది. నెమ్మదితనం చాలావరకు దిద్దుకోగలిగిన జబ్బే. లక్షమంది వస్తారేమో అన్న ఊహతో మొదటి నెలలోనే అప్లికేషన్‌ను పది ముక్కలుగా విడదీసి పది సర్వర్లలో నడిపేవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది. వచ్చేది వందమందైతే వారికి మంచి బ్యాకప్ ఎక్కువ ఉపయోగం.

ఆ మాటకొస్తే బ్యాకప్ అంటే దాచిన ఫైలు కాదు, తిరిగి తెచ్చి చూసిన డేటా. 2017 జనవరి 31న, ఇతరుల కోడ్‌ను భద్రపరిచే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, వేరే సర్వర్ అనుకుని ప్రధాన డేటాబేస్ ఉన్న సర్వర్‌లోని ఫోల్డర్‌ను తొలగించాడు. అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నా ఒక్కటీ నమ్మదగినట్టుగా పనిచేయడం లేదని ఆ రాత్రే తెలిసింది. ప్రమాదానికి ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి గట్టెక్కారు, ఆ ఆరు గంటల్లో చేరిన డేటా కొంత పోయింది. ఈ సంగతంతా ఆ సంస్థే దాచకుండా ప్రకటించింది, అందుకు వారిని మెచ్చుకోవాలి. జనంలోకి వెళ్ళే ముందు ఒకసారి, ఆపైన క్రమం తప్పకుండా, బ్యాకప్‌ను ఖాళీ సర్వర్ మీదకు ఎక్కించి, అప్లికేషన్‌ను దానితో నడిపి, ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి.

డేటాబేస్ రూపాన్ని మార్చేటప్పుడు కూడా ఇదే దృష్టి అవసరం. ఒక కాలమ్ పేరు మార్చాలంటే ఒక్క ఆదేశం చాలు, కానీ ఆ ఆదేశం నడిచిన క్షణం నుంచి పాత కోడ్ పనిచేయదు, కొత్త కోడ్‌లో బగ్ బయటపడితే వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోతుంది. అందుకు బదులు కొత్త కాలమ్‌ను చేర్చి, కొన్నాళ్ళు రెండింటిలోనూ రాస్తూ, పాత వరసలను కొద్దికొద్దిగా నింపి, చదవడాన్ని కొత్తదానికి మళ్ళించి, అంతా సవ్యంగా ఉందని నిర్ధారణ అయ్యాక చివరి డిప్లాయ్‌లో, అంటే కోడ్‌ను సర్వర్‌కు ఎక్కించే చివరి విడతలో, పాతదాన్ని తీసేయాలి. నాలుగైదు డిప్లాయ్‌లు పడుతుంది, విసుగ్గా ఉంటుంది. చివరి మెట్టు తప్ప మిగిలిన ప్రతి మెట్టు నుంచీ వెనక్కి దిగవచ్చు.

జనంలోకి వెళ్ళే రోజు సంగతికి వద్దాం. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా నమోదు కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే సైటును చాలా రాష్ట్రాలకు ఒకేసారి తెరిచింది. తరువాత బయటికొచ్చిన అంతర్గత పత్రాల ప్రకారం మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగినవారు ఆరుగురు. కోడ్‌ను తరువాతి వారాల్లో బాగుచేశారు కానీ, మొదటి రోజున పోయిన పేరు త్వరగా తిరిగి రాలేదు. మనకు అంత ఒత్తిడి ఉండదు కనుక ముందు పదిమందికి, తరువాత వందమందికి తెరవవచ్చు. పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారేవారు సైటు పేరును సర్వర్ చిరునామాగా మార్చే డీఎన్ఎస్‌లో, ఆ చిరునామాను ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే టీటీఎల్ విలువను కొన్ని రోజుల ముందే తగ్గించుకోవాలి. అది 86400 సెకన్లుగా ఉంటే, తప్పు తెలిసి దిద్దిన తరువాత కూడా ఒక రోజు వరకు కొందరు తప్పు చిరునామాకే వెళుతుంటారు. ఒక చిరునామా నుంచి మరోదానికి దారి మళ్ళింపుకు 301 అనే సంకేతం వాడితే అది శాశ్వతమని బ్రౌజర్లు గుర్తుపెట్టుకుంటాయి, కనుక నిర్ధారణ అయ్యేదాకా తాత్కాలికమని చెప్పే 302 వాడండి. సర్వర్ తన జవాబుతో పంపే హెచ్ఎస్‌టీఎస్ హెడర్‌లో 31536000 సెకన్లు అని రాయడమంటే, ఈ సైటుకు ఏడాదిపాటు, రహస్యంగా మాట్లాడుకునే హెచ్‌టీటీపీఎస్ తప్ప వేరే దారి లేదని ప్రతి వాడుకరి బ్రౌజర్‌తో ఒప్పందం చేసుకోవడం. మొదట 300 సెకన్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు. హెచ్‌టీటీపీఎస్‌కు అవసరమైన సర్టిఫికెట్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ 90 రోజుల గడువుతో ఉచితంగా ఇస్తూ వచ్చింది. అంత చిన్న గడువుకు పునరుద్ధరణ తనంతట తాను జరిగేలా ఏర్పాటు చేయకుండా తేదీని మనిషి జ్ఞాపకానికి వదిలితే, ఏదో ఒక ఆదివారం తెల్లవారుజామున సైటు ఆగిపోతుంది. పరీక్షల కోసం నడుపుతున్న సర్వర్ నుంచి నిజమైన వాడుకరులకు ఉత్తరాలు వెళ్ళకుండా కట్టడి చేయడం మరవద్దు, పంపిన ఈమెయిల్‌ను వెనక్కి పిలిచే ఆదేశం కూడా లేదు.

ఇంతసేపూ వెనక్కి తీసుకోలేని స్థితిని ఎలా తప్పించుకోవాలో చెప్పాను. ఒక్కచోట మాత్రం అదే మన బాధ్యత అవుతుంది. వాడుకరి తన ఖాతాను, అందులోని సమాచారాన్ని శాశ్వతంగా తొలగించమని అడిగితే, అది నిజంగా పోవాలి. మనం ఇంత జాగ్రత్తగా కట్టుకున్న బ్యాకప్‌లు ఇక్కడ అడ్డుపడతాయి: సోమవారం తొలగించిన ఖాతా ఆదివారం బ్యాకప్‌లో సజీవంగా ఉంటుంది, బుధవారం ఏదో ప్రమాదం జరిగి ఆ బ్యాకప్‌ను ఎక్కిస్తే ఖాతా తిరిగి లేచి కూర్చుంటుంది, ఆ మనిషికి మళ్ళీ మన ఈమెయిళ్ళు వెళతాయి. అందుకని తొలగించిన ఖాతాల అంతర్గత సంఖ్యలను మాత్రమే, పేర్లూ వివరాలూ లేకుండా, ప్రధాన డేటాబేస్‌కు బయట ఒక జాబితాగా ఉంచి, ఏ బ్యాకప్‌ను ఎక్కించినా అప్లికేషన్ తెరిచే ముందు ఆ జాబితా ప్రకారం తొలగింపులను మరోసారి నడపాలి. పాత బ్యాకప్‌లకు ఒక గడువు పెట్టి, గడువు తీరినవాటిని చెరిపేయాలి. బ్యాకప్‌ను ఎక్కించి చూసే పరీక్ష గురించి ఇందాక చెప్పాను కదా, ఆ పరీక్ష కాగితంలో చివరి వరస ఇదే: తొలగించిన ఒక ఖాతాతో లాగిన్ కావడానికి ప్రయత్నించి, కుదరలేదని రాసుకోవడం.