నిలబడమన్న రోజు

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

పిల్లలూ, నా తోటి లెక్చరర్లూ, అందరికీ నమస్కారం.

నేను డిగ్రీలో చేరిన రెండో వారం. లెక్కల క్లాసు నడుస్తోంది. ఆఫీసు నుంచి ఒకాయన కాగితాల కట్ట పట్టుకొని వచ్చి, "ఎస్సీ, ఎస్టీ వాళ్ళు నిలబడండి, స్కాలర్‌షిప్ ఫారాలు" అన్నాడు. ఆయనకు చెడు ఉద్దేశం ఏమీ లేదు, పని తొందరగా అయిపోవాలి, అంతే. తొమ్మిది మందిమి లేచాం. నా పక్కన కూర్చునే అమ్మాయి, అంతకు ముందు రోజు నా డబ్బాలోంచి జొన్నరొట్టె, తొక్కు తిన్న అమ్మాయి, ఒకసారి నావైపు చూసి తన పుస్తకం కొంచెం అవతలికి జరుపుకుంది. ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత సారు బోర్డు మీద ఏ లెక్క చేశారో నాకు తెలియదు. గంటసేపూ నా తలలో ఒకటే తిరిగింది: పుస్తకం ఎందుకు జరిపింది? నా చెయ్యి తగులుతోందనా, ఇంకేమైనానా?

ముఖం మీద తిడితే కోపమైనా వస్తుంది. ఇట్లాంటిదానికి కోపం కూడా సరిగ్గా రాదు. నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానేమో అనిపిస్తుంది. మరునాడు కొత్తగా పరిచయమైనవాళ్ళు "మీరేమోళ్ళు?" అని అడుగుతారు. ఇంకోరోజు "మీకేం, సీటు ఊరికే వస్తుంది" అంటారు. రాత్రి పుస్తకం తెరిస్తే ఆ మాటలే కనపడతాయి. మార్కులు తగ్గుతాయి. అప్పుడు మనమే అనుకుంటాం, వాళ్ళు అన్నది నిజమే, నాకు చదువు రాదు అని. నేను ఏడాదిన్నర అట్లాగే అనుకున్నాను.

అది తప్పని నాకు చాలా ఏళ్ళకు ఒక పరిశోధన చదివాక తెలిసింది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు దారి కనుక్కునే చిక్కు బొమ్మలు ఇచ్చారు. 2004లో ఫలితాలు బయటపెట్టారు. కులం ప్రస్తావన లేనప్పుడు దళిత పిల్లలు మిగతావాళ్ళతో దాదాపు సమానంగా చేశారు. అదే ఆటకు ముందు ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, కులం అందరి ముందూ చదివి, అవునని తల ఊపించాక దళిత పిల్లలు వెనకబడ్డారు. వీళ్ళూ అట్లాంటి పిల్లలే, బొమ్మలూ మారలేదు. అంతకుముందు 1995లో అమెరికాలో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ నల్లజాతి కాలేజీ విద్యార్థులతో ఇట్లాంటి పనే చేశారు. ఇది మీ తెలివికి పరీక్ష అని చెబితే వాళ్ళు తక్కువ రాశారు, కాదని చెబితే మెరుగ్గా రాశారు. అక్కడ జాతి, ఇక్కడ కులం. బుర్రలో సగం చోటును భయమే ఆక్రమిస్తే మిగిలిన సగంతో ఎవరైనా ఎంతని చేస్తారు?

ఇది చదివిన రోజు నేను ఏడ్చాను. ఆ లెక్కల క్లాసు గుర్తొచ్చింది.

నా తోటి లెక్చరర్లకు ఒక్క విన్నపం. ఫారాల కోసమైనా, ఇంకేదానికైనా సరే, క్లాసులో కులం పేరు పెట్టి పిల్లల్ని నిలబెట్టకండి. ఆఫీసులో విడివిడిగా ఇవ్వొచ్చు.

కిందటేడు దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు హాస్టల్లో వాళ్ళమ్మ ఫోను ఎత్తడం మానేసింది. ఎత్తితే గోర్ బోలిలో, అంటే లంబాడీ భాషలో మాట్లాడాలి, గదిలోవాళ్ళు నవ్వుతారు. నాకు తెలిసేసరికి, రోజూ చీకటి పడ్డాక డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని తల్లితో మాట్లాడుతోంది. కన్నతల్లితో దొంగతనంగా మాట్లాడాల్సి రావడం చిన్న బాధ కాదు. నేను ఆమెకు పెద్ద ఉపదేశమేమీ ఇవ్వలేదు. అదే తండాల నుంచి వచ్చిన సీనియర్ అమ్మాయిని పరిచయం చేశాను. ఇప్పుడు ఇద్దరూ మెస్సులో కూర్చొని గట్టిగానే మాట్లాడుకుంటున్నారు.

కాబట్టి ముందు ఒక్క మనిషిని వెతుక్కోండి. ఇంట్లో చెప్పుకోలేమని నాకు తెలుసు. మా అమ్మానాన్నలు పూణెలో బిల్డింగు పనిలో ఉండేవాళ్ళు. అంత కష్టంలో ఉన్నవాళ్ళకు ఇది కూడా చెప్పాలా అని దాచాను. చెప్పి ఉంటే "మనకెందుకు బిడ్డా, నువ్వు చదువుకో" అనేవాళ్ళు. ఆ మాటలో ప్రేమ ఉంది, కానీ దానితో కడుపులో మంట చల్లారదు. కష్టం విని వెంటనే సలహా ఇవ్వకుండా, "అవును, నాకూ అట్లా అయింది" అనే మనిషి కావాలి.

రెండోది, రాసుకోండి. అంబేద్కర్ గారు విదేశాల్లో చదివి 1917లో బరోడాకు ఉద్యోగానికి వస్తే అద్దెకు గది దొరకలేదు. పేరు మార్చుకొని పార్శీల సత్రంలో దిగితే కర్రలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టారు. బొంబాయి బండి వచ్చేదాకా ఆ ఊరి తోటలో ఒంటరిగా కూర్చున్నారు. ఏళ్ళు గడిచినా కన్నీళ్ళు రాకుండా దాన్ని తలుచుకోలేనని ఆయనే రాశారు. అంతటి మనిషికి అంత కాలం నొప్పి పెడితే, నిన్న జరిగినదానికి మీరు బాధపడటం బలహీనత ఎట్లా అవుతుంది? జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త 1986లో కాలేజీ విద్యార్థులతో వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ మనసుకు తగిలిన గాయాల గురించి రాయించాడు. జరిగింది, దానితో పాటు అనిపించింది కూడా రాసినవాళ్ళకు అప్పటికప్పుడు మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్ళు కాలేజీ ఆరోగ్య కేంద్రానికి పోవడం తగ్గింది. మీరు రాసేటప్పుడు తేదీ, చోటు, అన్న మాట, అప్పుడు పక్కనున్నవాళ్ళెవరో కూడా రాయండి. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే అదే పనికొస్తుంది. 2012లో యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, తెచ్చిన నిబంధనలు కాలేజీలో సమాన అవకాశాల విభాగం, వివక్షపై ఫిర్యాదులు వినే అధికారి ఉండాలని చెప్పాయి. ఆ అధికారి ఎవరని ఆఫీసులో అడగండి. అడగడం మీ హక్కు.

నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే, బతకడం ఎందుకనిపిస్తే మాత్రం ఆగొద్దు. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, ఫోను చేయడానికి డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్లు తీసి సేవ్ చేసుకోండి, నేను ఆగుతాను.

సరే. నేను మధ్యాహ్నం భోజనాల తర్వాత లైబ్రరీ పక్క గదిలో ఉంటాను. తలుపు తీసే ఉంటుంది. మాట రాకపోతే ఊరికే కూర్చోండి, టీ తెప్పిస్తాను.