ముందు గొంతులు లెక్కపెట్టండి, తర్వాత ఇంటర్‌ఫేస్ కొనండి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి వచ్చిన భజన మండళ్ల పెద్దలకీ, ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని పాటలు కట్టుకుంటున్న కుర్రాళ్లకీ.

మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉండే బలహీనమైన కరెంటు. దాన్ని పెంచి, అంకెలుగా మార్చి కంప్యూటరుకి ఇచ్చే పెట్టే ఆడియో ఇంటర్‌ఫేస్. కొట్టులో అందరూ మొదట అడిగేది "192 ఉందా?" అని. అంటే ధ్వనిని సెకనుకి 192 వేల సార్లు కొలుస్తుందా (192 కిలోహెర్ట్జ్) అని. అడగాల్సింది అది కాదు. మీ దగ్గర ఒకేసారి ఎన్ని గొంతులు, ఎన్ని చేతులు పలుకుతాయి?

భజన తీసుకోండి. ముందు పాడేవారికి ఒక మైకు, హార్మోనియానికి ఒకటి, మృదంగం రెండు వైపులా రెండు, తాళాలకి ఒకటి, అందుకునే వాళ్లందరికీ కలిపి ఒకటి. ఆరు అయ్యాయి. హరికథకి నాలుగైదు చాలు. ఒంటరిగా ఒక్కో వాయిద్యం విడివిడిగా వాయించి పేర్చుకునే కుర్రాడికి రెండు ఇన్‌పుట్లే ఎక్కువ. "మండలిలో కూడా ఒక్కొక్కరి చేతా విడిగా వాయింపిస్తే సరిపోదా?" అనకండి. చెవిలో క్లిక్ (లయ చెప్పే టిక్కు) పెట్టి ఒంటరిగా కూర్చోబెడితే భజనలో ఉన్న ఊపు చస్తుంది. ఒకరి ముఖం ఒకరు చూస్తూ పెంచుకునే నడక అది.

ఇక్కడ పెట్టె మీద అంకె మోసం చేస్తుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 4ఐ4 అంటే నాలుగు మైకులు పెట్టొచ్చనుకుంటారు. మైకు ప్రీయాంప్‌లు, అంటే మైకు బలహీన ధ్వనిని పెంచేవి, రెండే. మిగతా రెండూ లైన్ ఇన్‌పుట్లు, కీబోర్డు లాంటి వాటికి. బెహ్రింగర్ యూఎంసీ404హెచ్‌డీలో మాత్రం నాలుగూ మైకువే. యూఎంసీ1820లో 18 అని ఉన్నా మైకులు 8. ఇంకో 8 ఏడాట్ అనే ఆప్టికల్ దారిలో, 2 డిజిటల్ దారిలో వస్తాయి. కాబట్టి మైకు ప్రీయాంప్‌లు ఎన్ని అని అడగండి. ఆరు కావాల్సిన మండలికి ఎనిమిదిది కొనడమే మేలు.

మండలి దగ్గర ఇప్పటికే యూఎస్‌బీ ఉన్న మిక్సర్ ఉంటే దాన్నీ పరీక్షించండి. యమహా ఎంజీ10ఎక్స్‌యూ లాంటి చిన్న మిక్సర్లకి ఎన్ని మైకులు తగిలించినా కంప్యూటరుకి వెళ్లేది రెండు చానళ్లే. అంతా కలిసిపోయాక మృదంగం ఎక్కువైందని తర్వాత తగ్గించుకునే వీలుండదు.

ఇక మన మైకుసెట్టు మైకుల సంగతి. వాటికి చాలా చోట్ల ఇటు పీ-38 జాక్ (పావు అంగుళం లావు పిన్ను) ఉన్న కేబులే ఉంటుంది. ఇంటర్‌ఫేస్ సాకెట్ మధ్యలో ఆ జాక్ దూరుతుంది, కానీ చాలా పెట్టెల్లో అది లైన్ దారిలోకి పోతుంది. మైకు గెయిన్ (ధ్వనిని పెంచే మోతాదు) అందదు, గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. అప్పుడు పెట్టె పాడైందని తిప్పి పంపుతారు. రెండు వైపులా కానన్ పిన్ను (మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్) ఉన్న, మూడు తీగల కేబుల్ కొనండి. కండెన్సర్ మైకుకి కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు కూడా కానన్ పిన్నులోనే వస్తుంది. దాన్ని ఆపి, కాసేపాగి, అప్పుడే మైకు పీకండి.

గెయిన్ ఎంత? షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకు దగ్గరగా పాడితే 45-50 డెసిబెల్స్‌తో సరిపోతుంది. ఎస్ఎం7బీకి 60 దాకా కావాలి. స్కార్లెట్ 2ఐ2 మూడో తరంలో ఉన్నది 56, నాలుగో తరంలో 69. మహురి, డోలు లాంటి గట్టి వాయిద్యాలకి ఇది తిరగబడుతుంది. గెయిన్ సున్నాకి దించినా ఎర్రలైటు వెలుగుతుంది. ప్యాడ్ బటన్ (లోపలికొచ్చే ధ్వనిని తగ్గించేది) ఉన్నది చూసుకోండి, లేకపోతే మైకు నాలుగడుగులు వెనక్కి జరపండి. మీటరులో పై మొన −12 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు. 24 బిట్లలో అంతకన్నా పైకి తోసి సాధించేదేమీ లేదు.

192 కిలోహెర్ట్జ్ అక్కర్లేదు. 48లో ఎనిమిది ట్రాకులు గంటసేపు రికార్డు చేస్తే 4 జీబీ పైచిలుకు. 192లో 16 దాటుతుంది. ఏడాట్ దారి కూడా 96లో 8 నుంచి 4కి పడిపోతుంది. యూఎస్‌బీ-సీ కోసం కూడా ఎక్కువ డబ్బు పెట్టకండి, అది పిన్ను ఆకారం మాత్రమే. ఎనిమిది చానళ్లకి 9 మెగాబిట్లు చాలు, పాత యూఎస్‌బీ 2.0 సామర్థ్యం 480.

పాడేవాడికి తన గొంతు ఆలస్యంగా వినిపించడం డ్రైవర్ సంగతి. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ సొంత ఆసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) ఉండాలి. బఫర్ (కంప్యూటరు ఒక్కో విడతకి పోగుచేసుకునే శాంపిళ్లు) 256 అంటే 48లో ఒకవైపే 5 మిల్లీసెకన్ల పైన, రానూపోనూ దానికి రెండింతలు మించుతుంది. 128కి దించితే హాయి, కానీ బలం లేని లాప్‌టాప్‌లో టిక్కు టిక్కుమంటుంది. గొంతుని కంప్యూటరు చుట్టూ తిప్పకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి ఇచ్చే డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే ఈ బాధే లేదు.

అన్నిటికన్నా మన ఇళ్లలో పీడించేది కరెంటు. హమ్ (గుయ్యిమనే మోత) వస్తే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిందా, దోషం చార్జరుది లేదా ఎర్త్‌ది. రెండు పిన్నుల చార్జర్ నుంచి కాస్త కరెంటు పెట్టె లోహానికి కారుతుంది; ముట్టుకుంటే హమ్ మారేది అందుకే. రికార్డింగప్పుడు బ్యాటరీ మీద నడపండి. లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నీ ఒకే బోర్డులో పెట్టండి, స్పీకర్లకి స్టీరియో పీ-38తో బ్యాలెన్స్‌డ్ కేబుల్ (హమ్ పట్టని మూడు తీగలది) వాడండి. హమ్ తగ్గుతుందని మూడో పిన్ను విరిచేసే వాళ్లున్నారు. అది ప్రాణంతో చెలగాటం, ఎప్పుడూ చేయకండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ పడగానే హమ్ కాస్తా గరగరగా మారితే అది స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ పని. సైన్‌వేవ్‌ది కావాలి. రెండు ఇన్‌పుట్ల పెట్టెలు చాలావరకు లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే నడుస్తాయి, కరెంటు పోయినా ఆగవు. 404, 1820 లాంటివి అడాప్టర్ మీద ఆధారం. కరెంటు ఒక్క క్షణం తెగితే పెట్టె మాయమై ఆ పాట అక్కడికక్కడే పోతుంది.

కొండ ఊళ్లకి వెళ్లి ధెంసా పాటలు పట్టుకునేవాళ్లకి ఇంటర్‌ఫేసే వద్దు. జూమ్ హెచ్6 లాంటి చేతి రికార్డరు బ్యాటరీలతో నడుస్తుంది, నాలుగు కానన్ మైకులు పడుతుంది, ఇంటికొచ్చాక యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌గానూ పనికొస్తుంది.

పెట్టె రాగానే, తిప్పి పంపే గడువు దాటకముందే, ప్రతి ఇన్‌పుట్‌లో ఒక్కో మైకు పెట్టి వినండి. అన్నిటికీ ఫాంటమ్ వేసి, బఫర్ 128లో అరగంట ఆపకుండా రికార్డు చేయండి. హబ్ వద్దు, నేరుగా లాప్‌టాప్ పోర్టులోనే పెట్టండి. హబ్‌లో కరెంటు చాలక వచ్చే టిక్కులని పెట్టె లోపం అనుకుంటాం. పీ-38 జాకులు, కానన్ పిన్నులు వానాకాలం చెమ్మకి నల్లబడతాయి, కాంటాక్ట్ క్లీనర్ డబ్బా ఒకటి కూడా తెచ్చుకోండి.